కొత్త కంప్యూటర్లు సరే, వాటిలో తెలుగు సంగతేంటి?

(పురపాలక ఉద్యోగుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, కౌన్సిలర్లకు, అన్ని సెక్షన్ల ఉద్యోగులకు నమస్కారం. వార్డు సచివాలయాల నుంచి కూడా చాలామంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, ఫరవాలేదు.

మీ ఆఫీసుకి కొత్త కంప్యూటర్లు వస్తున్నాయి. ఎందుకు కొంటున్నారో మీకు తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మిషన్లో ఊరందరి ఆస్తి పన్ను లెక్కలు పెట్టుకుని కూర్చోవడం మంచిది కాదు. కాబట్టి కొనాలి, కొంటున్నారు. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, వారంటీ ఎన్నేళ్ళు, అవన్నీ మీ టెండరు పత్రంలో ఉంటాయి. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. నేను అడగడానికి వచ్చింది ఒక్కటే. ఆ టెండరు పత్రంలో తెలుగు గురించి ఒక్క వాక్యమైనా ఉందా?

చూడండి, ఎవరూ మాట్లాడటం లేదు. చాలా ఆఫీసుల్లో ఉండదు. కొత్త కంప్యూటర్ వస్తుంది, మరుసటి రోజు ఎవరో పెన్‌డ్రైవ్‌లో పాత ఫాంటు తెచ్చి ఎక్కిస్తారు, మూడో రోజు నుంచి పని యథాప్రకారం. అప్పుడు మీరు కొన్నది ఏమిటి? బాగా ఖరీదైన టైప్‌రైటర్. నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఎందుకలా అంటున్నానో చెబుతాను.

ఇక్కడున్న సీనియర్లలో తెలుగు టైపు పరీక్షలు, లోయర్, హయ్యర్ పాసైనవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ఇంకా ఉన్నారు. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది, వావిలాల గోపాలకృష్ణయ్య గారు మొదటి అధ్యక్షులు. ఆఫీసుల్లో తెలుగు రావాలంటే చట్టం ఒక్కటే సరిపోదు కదా. టైప్ మిషన్ కావాలి, మిషన్ మీద కూర్చునే మనిషి కావాలి. ఆ మనుషులు మీరే. యాభై లోపు మీటలతో తెలుగంతా కొట్టాలి. హల్లులున్నాయి, గుణింతాలున్నాయి, వత్తులున్నాయి. ఇవన్నీ విడివిడి మీటలుగా పెట్టడం కుదరదు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. కొన్ని మీటలు కొడితే క్యారేజి కదలదు, పైన గుర్తు పడుతుంది, తరవాత మీటతో ముందుకు జరుగుతుంది. ఇంతా చేసి మధ్యలో కార్బన్ పేపర్లు పెట్టి నాలుగు కాపీలు తీసేవాళ్ళు. తప్పు పడితే నాలుగింటిలోనూ దిద్దాలి. ఆ పని చేసిన వేళ్ళకి నా నమస్కారం.

అయితే టైప్‌రైటర్ పని ఎక్కడితో అయిపోతుంది? కాగితంతో అయిపోతుంది. కాగితం మీద అక్షరం కనిపిస్తే చాలు. ఆ కాగితాన్ని ఫైల్లో పెడతాం, ఫైలుకి నంబరు వేస్తాం, కావాలంటే మనిషే వెతకాలి. మిషన్‌కి ఆ అక్షరం ఏమిటో తెలియనక్కర్లేదు.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్‌లో మన భాషలు రావడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డులు వచ్చాయి. 1991లో మన లిపుల అక్షరాలకి కంప్యూటర్‌లో నంబర్లిచ్చే ఇస్కీ అని భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. కానీ మన ఆఫీసుల్లోకి, మన పక్కనున్న డీటీపీ షాపుల్లోకి ఎక్కువగా వచ్చినవి అనూ, శ్రీలిపి లాంటి ఫాంటు సాఫ్ట్‌వేర్లు. వాటిని నేను తక్కువ చెయ్యను. ఆ రోజుల్లో అవి లేకపోతే తెలుగు పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, మీ ఎజెండా కాపీలు ఇంత అందంగా అచ్చయ్యేవి కావు. అప్పటి కంప్యూటర్‌లో ఒక ఫాంటుకి దొరికే గళ్ళే రెండు వందల చిల్లర. వాటిలో తెలుగుని ఇరికించాలి. ఎలా ఇరికించారు? టైప్‌రైటర్ పద్ధతిలోనే, అక్షరాన్ని ముక్కలు చేసి. ఆ ముక్కల్ని ఎక్కడ పెట్టారు? ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్ళలో పెట్టారు.

ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ఇవాళ్టి విషయమంతా ఇక్కడే ఉంది. మీరు పాత ఫాంటులో "తీర్మానం" అని కొట్టారనుకోండి. తెర మీద తీర్మానం అనే కనిపిస్తుంది. ఫైలు లోపల దాచుకున్నది మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, కామాలు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ వాటికి తెలుగు వేషం ఉంటుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే వేషం ఊడిపోతుంది. మీరందరూ చూసే ఉంటారు, మెయిల్లో వచ్చిన ఫైలు తెరిస్తే గజిబిజిగా ఇంగ్లిషు గీతలు. చూశారా లేదా? చూశారు.

ఒక పట్టణంలో జరిగింది చెబుతాను, పేరు చెప్పను. ఒక పెద్దాయన సమాచార హక్కు దరఖాస్తు పెట్టారు. తమ లేఅవుట్‌లో పార్కుకి వదిలిన స్థలం గురించి చాలా ఏళ్ళ కింద కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది, దాని కాపీ కావాలని. ఆఫీసులో ఆ ఏళ్ళ తీర్మానాలన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఉన్నాయనే అందరూ అనుకున్నారు. ఫోల్డరు ఉంది, ఫైళ్ళున్నాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్ ఎప్పుడో పాడైపోయింది. కొత్తదానిలో తెరిస్తే గీతలు. పోనీ ఫాంటు తెచ్చి వేశారు, అక్షరాలు కనిపించాయి. కనిపించాక "పార్కు" అని వెతికితే? ఏమీ దొరకదు. ఎందుకంటే లోపల పార్కు అనే మాటే లేదు కదా! ఆ కౌన్సిల్ సెక్షన్ క్లర్కు ఒక్కో ఫైలూ తెరిచి, ఒక్కో పేజీ కళ్ళతో చదువుకుంటూ పోయింది. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళేటప్పటికి చీకటి పడేది. పెద్దాయన ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. అందులో సెక్షన్ 4 చదవండి. చాలామంది సెక్షన్ 6, సెక్షన్ 7 చదువుతారు, దరఖాస్తు, ముప్ఫై రోజుల గడువు అని. సెక్షన్ 4 మొదటి మాట ఏమిటి? ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డుల్ని వరుసగా జాబితా కట్టి, సూచికలతో, సులువుగా దొరికేలా పెట్టుకోవాలి, కంప్యూటర్లోకి ఎక్కించదగినవి ఎక్కించాలి. సులువుగా దొరికేలా! వెతికితే దొరకని ఫైలు కంప్యూటర్‌లో ఉన్నా, బీరువా వెనక పడి ఉన్నా ఆ పెద్దాయనకి ఒకటే.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. యూనికోడ్. అంటే ప్రపంచ భాషల అక్షరాలకి తలా ఒక నంబరిచ్చే ప్రమాణం. 1991లో మొదటి వెర్షన్ వచ్చినప్పుడే తెలుగు అందులో ఉంది. తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. 'క'కి ప్రపంచమంతా ఒకే నంబరు. 'క్ష' అంటే క, పొల్లు, ష, ఈ మూడూ వరసగా. అంతే. అది ఎలా కనిపించాలో ఫాంటు చూసుకుంటుంది. ఫాంటు మార్చినా, కంప్యూటర్ మార్చినా, ఫోన్‌లో తెరిచినా లోపల ఉన్న తెలుగు తెలుగే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటు ఉంది. 2009లో కేంద్ర ప్రభుత్వం ఈ-గవర్నెన్స్ పనులన్నిటికీ యూనికోడే ప్రమాణం అని ప్రకటించింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రమాణాన్ని చూసుకునే సంస్థ యూనికోడ్ కన్సార్షియంలో సభ్యత్వమే తీసుకుంది. ఇన్నేళ్ళయింది. అయినా చాలా ఆఫీసుల్లో నోట్ ఫైలు ఒక ఫాంటు, నోటీసు ఇంకో ఫాంటు, బయట షాపులో వేసిన బ్యానరు మరో ఫాంటు.

ఎందుకు మారలేదు? అడిగితే రెండు కారణాలు చెబుతారు. ఒకటి, యూనికోడ్ అక్షరాలు అందంగా ఉండవు అని. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పుడు లేదు. మండలి, గిడుగు, సురవరం, ఎన్టీఆర్, రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి, ఇలా ఎన్నో ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, గూగుల్ ఫాంట్స్‌లోనే దొరుకుతాయి. ఉత్తరానికి మండలి పెట్టుకోండి, నోటీసు బోర్డు హెడ్డింగుకి రామభద్ర పెట్టుకోండి, ఎంత బాగుంటుందో చూడండి.

రెండో కారణం నిజమైన కారణం. కీబోర్డు. వేళ్ళు. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే పథకాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. ఇరవై ఏళ్ళుగా ఒక వరసకి అలవాటైన వేళ్ళు. అలాంటి సీనియర్ ఒకాయన కీబోర్డు చూడడు, కాగితం చూస్తూ కొడతాడు. ఆయన్ని పిలిచి "రేపటి నుంచి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు" అని కొత్త మీటల వరస ఇస్తే ఏమవుతుంది? నిన్నటిదాకా ఆఫీసులో అందరికంటే వేగంగా కొట్టే మనిషి ఇవాళ 'అ' ఎక్కడుందో వెతుక్కుంటాడు. పక్కన కొత్తగా చేరిన కుర్రాళ్ళు చూస్తుంటారు. ఆ టెన్షన్ మామూలుది కాదు. ఆయన ఏం చేస్తాడు? సార్ లేనప్పుడు పాత ఫాంటులో కొట్టేసి పని ముగిస్తాడు. ఆయన్ని తప్పు పట్టగలమా?

అందుకని అందరికీ ఒకే కీబోర్డు అని రూలు పెట్టకండి. లోపల దాచుకునేది యూనికోడ్ అయితే చాలు, మీటల వరస ఏదైనా ఫరవాలేదు. కొత్తవాళ్ళు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. ప్రభుత్వ ప్రమాణం అదే, ఏ కంప్యూటర్‌లో అయినా ఉంటుంది, హిందీకీ కన్నడకీ కూడా అదే వరస. ఫోన్‌లో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న పిల్లలకి విండోస్‌లో ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి ఉంది. పాత డీటీపీ వరసకి అలవాటైనవాళ్ళకి అదే వరసలో యూనికోడ్ కొట్టే కీబోర్డు సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. వాళ్ళ వేళ్ళు మార్చుకోనక్కర్లేదు.

కమిషనర్ గారూ, ఈ మాట మీకే. మొదటి వారాల్లో పని నెమ్మదిస్తుంది. నెమ్మదించాలి కూడా. ఆ వారాల్లో "ఇంకా కాలేదా" అని అడగకండి. కౌన్సిల్ సమావేశానికి రెండు రోజుల ముందు ఈ మార్పు మొదలుపెట్టకండి. ఎజెండా పంపించేసిన మర్నాడు మొదలుపెట్టండి.

ఒక చిన్న మెళకువ చెప్పి ముందుకెళ్తాను. "కమిషనర్‌కు" అని కొట్టండి. చాలామందికి ఏం పడుతుంది? ర కింద క వత్తు పడి "కమిషనర్కు" అని వస్తుంది. "మేనేజర్‌కు", "కౌన్సిలర్‌ను", అన్నీ ఇంతే. ఇది చూసి యూనికోడ్ తప్పులు వేస్తుందని అంటారు. తప్పేం కాదు. పొల్లు తరవాత అక్షరం వత్తుగా కలవకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. మీ కీబోర్డులో అది ఎక్కడుందో నేర్చుకోవాలి. మన ఆఫీసు రాతలో ఇంగ్లిషు హోదాలు ఎక్కువ కాబట్టి అది రోజుకి వంద సార్లు అవసరం పడుతుంది. టీ తరవాత అందరి చేతా కొట్టిస్తాను.

ఇక పాత ఫైళ్ళు. "అన్నీ మార్చాలా సార్?" అని ఇందాక బయట ఒకరు అడిగారు. అన్నీ అక్కర్లేదు. పదిహేనేళ్ళ కిందటి మీటింగుకి టీ, బిస్కెట్ల బిల్లు మార్చి ఏం చేస్తారు? కౌన్సిల్ తీర్మానాలు మార్చండి. లేఅవుట్ల మీద, స్థలాల మీద, పన్నుల మీద ఇచ్చిన ప్రొసీడింగ్స్ మార్చండి. రోజూ వాడే నమూనాలు మార్చండి. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. బాగానే అంటే నూటికి నూరు కాదు. వత్తులు తారుమారవుతాయి, అరసున్నలు ఎగిరిపోతాయి, ముఖ్యంగా అంకెలు, బ్రాకెట్లు, ఇంటి నంబర్లలో గీతలు చూసుకోవాలి. సర్వే నంబరులో ఒక్క గీత మారితే ఎవరి స్థలం ఎవరిదవుతుంది? కాబట్టి కన్వర్టర్ అయ్యాక ఇద్దరు కూర్చోవాలి. ఒకరు సంతకాలున్న అసలు కాగితం బయటికి చదవాలి, ఇంకొకరు తెర చూడాలి. ఆ అసలు కాగితాన్ని స్కాన్ చేసి పక్కనే పెట్టాలి. చెల్లేది సంతకం ఉన్న కాగితమే. యూనికోడ్ రాత దాన్ని వెతికి పట్టుకోవడానికి.

నమూనాల దగ్గర మిమ్మల్ని కాసేపు జర్మనీ తీసుకెళ్తాను. మ్యూనిక్ అని పెద్ద నగరం. 2003లో వాళ్ళ నగర కౌన్సిల్ సుమారు పదిహేను వేల ఆఫీసు కంప్యూటర్లని విండోస్ నుంచి, ఉచితంగా దొరికే లినక్స్‌కి మార్చాలని నిర్ణయించింది. వర్డ్ బదులు ఓపెన్ ఆఫీస్. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. దిగాక తెలిసిందేమిటంటే, ఒక్కో విభాగం తనకి తోచినట్టు నమూనాలు తయారు చేసుకుంది, అవి వేలల్లో ఉన్నాయి. లెటర్‌హెడ్ ఒక్కోచోట ఒక్కోలా. వాటిని ఒక దారికి తేవడానికి వోల్‌మక్స్ అని సొంతంగా ఒక సాఫ్ట్‌వేరే రాసుకున్నారు. మొత్తం మార్పు 2013 నాటికి పూర్తయింది. 2017లో మళ్ళీ విండోస్‌కి వెళ్ళాలని అదే నగర కౌన్సిల్ తీర్మానించింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు, ఆ వాదన మనకొద్దు. మనకి కావాల్సింది ఆ నమూనాల సంగతి. మీ ఆఫీసులో ఎన్ని నమూనాలున్నాయి? ఎవరైనా లెక్కపెట్టారా? ఆస్తి పన్ను డిమాండ్ నోటీసు, మ్యుటేషన్ ప్రొసీడింగ్స్, అనధికార కట్టడానికి నోటీసు, ట్రేడ్ లైసెన్సు, కుళాయి కనెక్షన్, ఎండార్స్‌మెంటు. ఒకే నోటీసుకి ముగ్గురు క్లర్కుల దగ్గర మూడు రకాలు ఉంటాయి. ఒకదానిలో సెక్షన్ నంబరు పాతది ఉంటుంది. ఇంటి యజమాని లాయరు పట్టుకునేది సరిగ్గా దాన్నే. ముందు వాటిని ఒక్క చోటికి తెచ్చి బల్ల మీద పరవండి.

ఇంకో మాట. నోటీసు అందంగా రావాలని బయట డీటీపీ షాపుకి పంపిస్తారు. కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాడు, ప్రింటు తెస్తాడు. ఫైలు ఎక్కడుంది? షాపులో. అంటే కౌన్సిల్ రికార్డు వేరొకరి కంప్యూటర్‌లో ఉంది. ఆ షాపతను మంచివాడే కావచ్చు. షాపు మూసేస్తే? మీ రాత మీ ఆఫీసులోనే పుట్టాలి, మీ ఆఫీసులోనే ఉండాలి.

అలాగే సర్క్యులరు ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. అందరూ చేస్తున్నారు, నాకు తెలుసు. కళ్ళు కనిపించని ఉద్యోగి ఆ ఫొటోని ఎలా చదవాలి? ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఉంది. యూనికోడ్ తెలుగుని బయటికి చదివి వినిపిస్తుంది. అదే పాత ఫాంటు ఫైలు ఇస్తే? ఆ ఇంగ్లిషు ముక్కల్నే చదువుతుంది. సర్క్యులరు ఆ ఉద్యోగికి కూడా వర్తిస్తుంది కదా! సంతకం కాపీతో పాటు అసలు ఫైలు కూడా పెట్టండి. మీ పక్క సీటులో అలాంటివాళ్ళు లేకపోవచ్చు, మీ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళూ పన్ను కడుతున్నారు.

పేర్ల గురించి కూడా చెప్పాలి, ఇది నా మనసుకి చాలా దగ్గరి విషయం. జనన ధ్రువపత్రం మీద పిల్లల పేరు మీరే రాస్తారు. ఇంగ్లిషులో కొట్టి తెలుగులోకి దానంతట అదే మారనిస్తే ఏమవుతుందో తెలుసుగా. 'ళ' పోయి 'ల' వస్తుంది, 'ణ' పోయి 'న' వస్తుంది, దీర్ఘం ఎగిరిపోతుంది. వీణ కాస్తా వినా అవుతుంది. ఆ తల్లిదండ్రులు దిద్దించుకోవడానికి అఫిడవిట్ పట్టుకుని తిరగాలి. తెలుగు పేరుని తెలుగులో కొట్టండి. కొట్టాక తెర వాళ్ళవైపు తిప్పి చూపించండి. "సరిగ్గా ఉందా అమ్మా" అని అడగండి. సంతకం తరవాత కాదు, ప్రింటుకి ముందు అడగండి.

సరే, టెండరు దగ్గరికి వద్దాం. ఇంకా ఆర్డరు వెళ్ళలేదని చైర్‌పర్సన్ గారు చెప్పారు, కాబట్టి సమయం ఉంది. మూడు మాటలు చేర్చండి. ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకే యూనికోడ్ తెలుగు ఫాంట్లు వేసి ఇవ్వాలి. కీబోర్డుల మీద ఇన్‌స్క్రిప్ట్ తెలుగు అక్షరాలు కూడా ఉండాలి, ముద్రించినవి దొరక్కపోతే స్టిక్కర్లైనా సరే. ప్రింటర్లు, కంప్యూటర్లు తీసుకునే రోజున తెలుగు పరీక్ష పేజీ ఒకటి మన ఎదుట ప్రింటు తీసి చూపించాలి, అది సరిగ్గా వస్తేనే బిల్లు పాసవుతుంది. ఆ పేజీలో ఏముండాలి? స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, ఆరోగ్యం, కమిషనర్‌కు. తరవాత ఒక ఇంటి నంబరు, ఒక సర్వే నంబరు, రూపాయి గుర్తు. అదే ఫైలు ఒక ఫోన్‌లో తెరిచి చూడండి, ఆ మాటలు వెతికి చూడండి, దొరుకుతున్నాయో లేదో. ఇంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

వర్డే కొనాలా, లిబ్రే ఆఫీస్ చాలా అని అడుగుతారు. ఉత్తరాలకీ నోటీసులకీ లిబ్రే ఆఫీస్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు. ఇప్పటికే వర్డ్ లైసెన్సులు ఉంటే అవే వాడుకోండి. దాని మీద సమయం పోగొట్టుకోకండి. ఆ డబ్బు మిగిలితే శిక్షణకి పెట్టండి.

ఇప్పుడు పది నిమిషాలు టీ. తిరిగి రాగానే రెవెన్యూ సెక్షన్‌తో మొదలుపెడదాం. మీ డిమాండ్ నోటీసు ఎవరెవరి దగ్గర ఏ రూపంలో ఉందో ఆ కాపీలన్నీ తీసుకురండి. టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఆ తరవాత. పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్ళు ఈ పక్కన ఉన్న కంప్యూటర్‌లో పెట్టండి, ముందు వైరస్ స్కాన్ చేశాకే తెరుద్దాం.